యాభై మూడేళ్లకి గడప దాటిన హన్నా

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి 'లిటిల్ వుమెన్' సినిమా పెట్టింది. నేను గోరుచిక్కుళ్లు ఈనెలు తీసుకుంటూ పక్కన కూర్చున్నాను. నలుగురు అక్కచెల్లెళ్ల కథ. తండ్రి యుద్ధానికి వెళ్లి ఉంటాడు. ఆయనకి బాగోలేదని, వాషింగ్టన్ ఆస్పత్రిలో ఉన్నాడని టెలిగ్రాం వస్తుంది. తల్లి ప్రయాణానికి డబ్బు కావాలి. రెండో పిల్ల జో బయటికి వెళ్లి, తన జుట్టు అమ్మేసి 25 డాలర్లు తెచ్చి అమ్మ చేతిలో పెడుతుంది. అక్కడ మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ తల్లి మీదే ధ్యాస. ఆడపిల్లల్ని పొరుగువాళ్లకి చూసుకోమని చెప్పి, యుద్ధం జరుగుతున్న ఊరికి బయల్దేరిన ఆవిడకి అక్కడ ఏం కనిపించి ఉంటుంది? నవల ఆవిడతో వాషింగ్టన్ వెళ్లదు. ఇంట్లో పిల్లల దగ్గరే ఉండిపోతుంది.

ఆ నవల రాసిన లూయిసా మే ఆల్కాట్ స్వయంగా వాషింగ్టన్‌లో నర్సుగా పనిచేసిందని తర్వాత చదివాను. అక్కడ ఆమె పైన మేట్రన్‌గా ఉన్న హన్నా రోప్స్ అనే ఆవిడ సంగతీ అప్పుడే తెలిసింది. లూయిసా పేరు ప్రపంచమంతా తెలుసు. హన్నా పేరు ఎక్కడో ఫుట్‌నోట్లో తప్ప దొరకదు. నెల రోజులుగా వంట చేస్తున్నా, బట్టలు మడత పెడుతున్నా ఈవిడే బుర్రలో తిరుగుతోంది. మీకూ చెప్పేస్తే కాస్త కుదుటపడతానేమో.

హన్నా 1809లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో న్యూ గ్లాస్టర్ అనే ఊళ్లో పుట్టింది. పుట్టింటి పేరు చాండ్లర్. తండ్రి లాయరు, అన్నదమ్ములూ లాయర్లే. మాటకి మాట చెప్పగలగడం ఆ ఇంట్లోనే అబ్బి ఉంటుంది. 1834లో విలియం రోప్స్ అనే ఉపాధ్యాయుణ్ణి పెళ్లి చేసుకుంది. నలుగురు పిల్లలు పుడితే ఇద్దరే దక్కారు, కొడుకు ఎడ్వర్డ్, కూతురు ఆలిస్. ఇంతవరకూ ఆ కాలంలో మన ముత్తవ్వల కథ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

తర్వాత భర్త ఇల్లు విడిచి ఫ్లోరిడా వెళ్లిపోయాడు. 1855 నాటికి పిల్లల బాధ్యత పూర్తిగా హన్నా మీదే ఉంది. భర్త వెళ్లిపోయిన ఆడదాన్ని 'ఏం జరిగిందో పాపం' అంటూ సగం జాలిగా, సగం అనుమానంగా చూడటం అక్కడా ఉండే ఉంటుంది. పైగా పెళ్లయిన స్త్రీ తన సంపాదన తనే ఉంచుకోవచ్చని, తన పేరున ఆస్తి పెట్టుకోవచ్చని మాసచూసెట్స్ రాష్ట్రంలో చట్టం వచ్చిందే 1855లో. అప్పటిదాకా దూరంగా ఉన్న మొగుడికి కూడా ఈవిడ సంపాదన మీద హక్కు ఉండేదన్నమాట.

ఆ ఏడాదే ఆవిడ చేసిన పని చూడండి. నలభై ఆరేళ్ల వయసులో కూతుర్ని వెంటబెట్టుకుని కాన్సాస్ వెళ్లింది. కొడుకు అప్పటికే అక్కడ ఉన్నాడు. కాన్సాస్ అంటే ఏదో కొత్త కాలనీలో స్థలం కొనుక్కుని వెళ్లడం లాంటిది కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో లక్షల మంది నల్లవాళ్లు బానిసలుగా ఉన్న రోజులవి. 1860 జనాభా లెక్కల్లో ఆ సంఖ్య దాదాపు 40 లక్షలు. కొత్తగా ఏర్పడుతున్న కాన్సాస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడ్డవాళ్లే ఓటేసి తేల్చుకోవాలని 1854లో చట్టం చేశారు. ఇక చూస్కోండి. బానిసత్వం కావాలనేవాళ్లు పక్కనున్న మిస్సోరీ నుంచి వచ్చారు. వద్దనేవాళ్లు ఎంతో దూరం నుంచి సంసారాలు కట్టుకుని వచ్చారు. లారెన్స్ అనే ఊరు అలా రెండో పక్షం వాళ్లు కట్టుకున్నది. హన్నా చేరింది అక్కడికే.

బానిసత్వం వద్దన్న వాళ్లందరూ నల్లవాళ్లని ప్రేమించినవాళ్లేం కాదు. 1855 డిసెంబరులో కాన్సాస్‌లో ఆ పక్షం వాళ్లే, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లు కూడా తమ రాష్ట్రంలోకి రాకూడదని ఓటేశారు. బానిసలూ వద్దు, బానిసలు కాని నల్లవాళ్లూ వద్దు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మంచి పక్షం అనుకున్నదాంట్లో కూడా ఇంత చెత్త ఉంటుంది. హన్నా అలాంటివాళ్ల మధ్యే బతికింది. బానిసత్వం పాపమని, దాన్ని ఆపడం క్రైస్తవురాలిగా తన పని అని నమ్మి వెళ్లినావిడ ఆవిడ.

అక్కడికి వెళ్లగానే ఆవిడకి పడిన పని రోగుల సేవ. కొత్త ఊరు, మట్టీ చెక్కలతో కట్టిన గుడిసెలు, చలిజ్వరాలు. ఇంటింటా ఎవరో ఒకరు మంచం పట్టారు. నర్సు చదువు ఏమీ లేని ఈవిడ వాళ్లకి గంజి కాచి పోసింది, పక్కన కూర్చుంది. అంతలో నవంబరు, డిసెంబరు నెలల్లో మిస్సోరీ నుంచి వచ్చిన సాయుధులు ఊరిని చుట్టుముట్టారు. దాన్ని వాకరూసా యుద్ధం అంటారు. టామస్ బార్బర్ అనే అతన్ని దారిలో కాల్చి చంపేశారు. ఆ రోజుల్లో హన్నా తల్లికి రాసిన ఉత్తరాల్లో, రాత్రి పడుకునేటప్పుడు బల్లమీద తూటాలు నింపిన పిస్తోళ్లు, ఒక కత్తి పెట్టుకుంటున్నానని, గదిలో మూడు తుపాకులు సిద్ధంగా ఉన్నాయని, ఇది విని నువ్వెంత ఆశ్చర్యపోతావో అని రాసింది.

కూతురు అమ్మకి అలా రాయడం చూసి నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. మేం కొత్త కాపురానికి వెళ్లినప్పుడు గ్యాస్ అయిపోయిందని కూడా అమ్మకి చెప్పేదాన్ని కాదు, కంగారు పడుతుందని. ఈవిడ పిస్తోళ్ల సంగతే రాసేసింది. ఆ తల్లి ఎంత గట్టిదై ఉండాలి!

1856 వసంతంలో హన్నా మాసచూసెట్స్ తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత, మే 21న, లారెన్స్ ఊరిని దుండగులు కొల్లగొట్టారు. ఆ ఏడాదే తల్లికి రాసిన ఉత్తరాల రూపంలో 'సిక్స్ మంత్స్ ఇన్ కాన్సాస్' అనే పుస్తకం వచ్చింది. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట 'ఒక స్త్రీ' అని మాత్రమే వేశారు. వేసినవాడు జాన్ జ్యూయెట్, నాలుగేళ్ల కిందట 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అచ్చు వేసిన బోస్టన్ ప్రచురణకర్తే. 1859లో ఒక నవల కూడా రాసింది. దాని జోలికి నేను పోను, పుస్తకాల చరిత్రలో అది పెద్దగా నిలవలేదు.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఎడ్వర్డ్ మాసచూసెట్స్ దళంలో సైనికుడిగా చేరాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగు గురించి రాసిన చిన్న పుస్తకం అప్పటికి అమెరికాలో ఇంటింటికీ చేరుతోంది. హన్నా అది చదివింది. కొడుకు యుద్ధంలో ఉంటే తను ఇంట్లో కూర్చోలేకపోయింది. 1862 వేసవిలో, యాభై మూడేళ్ల వయసులో వాషింగ్టన్ వెళ్లింది.

సైన్యం నర్సులకి అధికారి డొరొతియా డిక్స్ అనే ఆవిడ. మహా గట్టి మనిషి. నర్సులుగా వచ్చేవాళ్లు ముప్పై అయిదు నుంచి యాభై ఏళ్ల మధ్య ఉండాలి, సాదా గోధుమరంగు బట్టో నల్లబట్టో కట్టుకోవాలి, నగలు, రిబ్బన్లు, ఉంగరాల జుట్టు ముడులు పనికిరావని 1862లో ఉత్తర్వు వేసింది. జీతం రోజుకి 40 సెంట్లు, తిండి. తమాషా ఏమిటంటే, ఈ కొలత ప్రకారం హన్నాకి మూడేళ్లు ఎక్కువ, తర్వాత వచ్చిన లూయిసాకి అయిదేళ్లు తక్కువ. ఇద్దర్నీ తీసుకున్నారు. రోగులు అన్ని వేల మంది ఉంటే కొలతలెవరు చూస్తారు?

హన్నాని వేసిన చోటు జార్జ్‌టౌన్‌లోని యూనియన్ హోటల్ ఆస్పత్రి. పేరుకి తగ్గట్టే అది నిజంగా పాత హోటలు, ఆస్పత్రిగా మార్చారు. ఇరుకు గదులు, చీకటి వసారాలు, గాలి ఆడదు. లూయిసా రాతల్లో కిటికీలకి మేకులు కొట్టేసి ఉండటం, ఆ కంపు భరించలేక తను లావెండర్ నీళ్లు చల్లుకుంటూ తిరగడం ఉంటాయి. ఆ యుద్ధంలో చనిపోయిన దాదాపు 6 లక్షల 20 వేల మందిలో మూడింట రెండొంతుల మంది తూటాలకి కాదు, విరేచనాలు, టైఫాయిడ్, న్యుమోనియా లాంటి జబ్బులకి పోయారు. టైఫాయిడ్ క్రిమిని కనిపెట్టిందే 1880లో. నీళ్లు మరిగించి ఇవ్వండి అని చెప్పేవాళ్లు కూడా లేరప్పుడు.

హన్నా అక్కడ మేట్రన్ అయింది. మేట్రన్ పని ఏమిటని చూస్తే, మనం ఇంట్లో చేసే పనే. పక్కలు, దుప్పట్లు, ఉతుకులు, ఎవరికి ఏం పెట్టాలి, ఎవరు తినలేదు, ఎవరి ఇంటికి ఉత్తరం రాయాలి. కాకపోతే నలుగురికి కాదు, అంతస్తుల నిండా ఉన్న మగపిల్లలకి. ప్రతి కుర్రాడిలోనూ తన ఎడ్వర్డే కనిపించాడని ఆవిడ ఉత్తరాలు చదివితే అర్థమవుతుంది. కూతురికి, తల్లికి, కొడుక్కి, అందరికీ రాస్తూనే ఉండేది.

ఇప్పుడు నన్ను నెల రోజులుగా వెంటాడుతున్న సంగతి చెప్తాను.

ఆస్పత్రిలో స్టీవార్డు అని ఒక ఉద్యోగి ఉండేవాడు. సరుకులు, వంటశాల, రేషన్ అన్నీ అతని చేతిలో. రోగులకి రావాల్సింది కోసి తను మిగుల్చుకుంటున్నాడని హన్నాకి తెలిసింది. వంటింట్లో ఉన్న ఆడదానికి ఇది దాచలేరండీ. ఎన్ని కిలోలు వచ్చాయి, గిన్నెలోకి ఎంత వెళ్లిందో కళ్లతో చూస్తే చాలు. ఆవిడ ఆస్పత్రి పెద్ద డాక్టరుకి చెప్పింది. ఆయన పట్టించుకోలేదు సరికదా, ఈవిడ మీదే విసుక్కున్నాడు.

మా మామగారు ఆస్పత్రిలో పదకొండు రోజులున్నప్పుడు పక్క మంచం ముసలాయనకి రావాల్సిన పాలు ఆయా తాగేయడం నేను రెండు రోజులు చూశాను. మూడో రోజు కూడా చూశాను. అడిగితే మామగారి దుప్పటి మార్చడానికి రాదేమోనని భయం. నోరు విప్పలేదు. ఆ ముసలాయనకి మా ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు పోసి ఊరుకున్నాను. అంతే చేశాను. అందుకే ఈ కథ నన్ను వదలడం లేదనుకుంటా.

1862 నవంబరు మొదట్లో, ఆ స్టీవార్డు ఒక రోగి కుర్రాణ్ణి శిక్ష పేరుతో సెల్లార్లో చీకటి కొట్లో పెట్టి తాళం వేశాడు. జబ్బుతో ఉన్న సైనికుణ్ణి! హన్నాకి తెలిసింది. మళ్లీ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి లాభం లేదు. ఆవిడ టోపీ పెట్టుకుని ఊళ్లోకి బయల్దేరింది. సైన్యం వైద్యులందరికీ పై అధికారి అయిన సర్జన్ జనరల్ కార్యాలయానికి వెళ్లింది. ఆయన కలవలేదు. మనమైతే అక్కడి నుంచి ఇంటికి వచ్చేసేవాళ్లం, మన వంతు ప్రయత్నం చేశాం కదా అని. ఆవిడ నేరుగా యుద్ధమంత్రి ఎడ్విన్ స్టాంటన్ దగ్గరికి వెళ్లింది.

స్టాంటన్ అంటే లింకన్ మంత్రివర్గంలో అందరూ హడలెత్తే మనిషి. ముక్కోపి. దేశం రెండు ముక్కలై యుద్ధం చేస్తుంటే, లక్షల సైన్యం లెక్క చూస్తున్నవాడు. ఆయన ముందుకి ఒక ఆస్పత్రి మేట్రన్ వెళ్లి, ఒక పేరులేని కుర్రాడి సంగతి చెప్పింది. ఆయన విన్నాడు. అక్కడికక్కడే మనిషిని పిలిచి, ఆస్పత్రికి వెళ్లి కుర్రాణ్ణి ఆ కొట్లోంచి బయటికి తీయమని, స్టీవార్డుని అరెస్టు చేసి జైల్లో వేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అలాగే జరిగింది.

ఆవిడ తిరిగి ఆస్పత్రికి వచ్చి ఆ డాక్టర్ల మధ్యే పని చేయాలి కదా. మీదపడి వచ్చే చూపుల్ని ఎలా తట్టుకుందో. కానీ చేసింది.

డిసెంబరు 13న లూయిసా వచ్చి చేరింది. అప్పటికి ముప్పై నిండి రెండు వారాలైంది. కాంకార్డ్ నుంచి వచ్చిన ఈ పిల్ల రాకతో హన్నాకి ప్రాణం లేచి వచ్చింది. మంచం మీంచి రోగి పడిపోకుండా చూడటమే కాక ఇంకా ఏదైనా చేయగల నర్సు దొరికిందని సంతోషంగా రాసుకుంది. లూయిసా కూడా ఈవిడని అమ్మలాంటి మనిషి అని రాసుకుంది. లూయిసా వచ్చిన రోజునే ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఘోరమైన యుద్ధం జరుగుతోంది. ఉత్తరాది సైన్యంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 12,000కు పైగా. మూడు రోజుల్లో గాయపడినవాళ్లని తెచ్చిన బళ్లు నలభై, వీధి గుమ్మంలో బారులు తీరాయి. అంతవరకూ పరాయి మగవాణ్ణి ముట్టుకోని లూయిసా చేతిలో బేసిను, స్పాంజి, తువ్వాళ్లు, సబ్బు పెట్టి, వీళ్ల బట్టలు విప్పి ఒళ్లు కడిగి మంచాల మీద వేయమన్నారు. తనకి నోట మాట రాలేదని, మొదట కడిగింది ఒక ఐరిష్ ముసలాయన్నని, ఆయన నవ్వుతో తన బిడియం పోయిందని లూయిసా సరదాగా రాసింది. ఆ సరదా కింద ఎంత భయం ఉందో చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చింది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకి విముక్తి. అర్ధరాత్రి గంటలు మోగితే లూయిసా మంచం మీంచి దూకి కిటికీ తెరిచి, కింద వీధిలో కేకలేస్తున్న నల్లవాళ్లకి రుమాలు ఊపింది. కాన్సాస్ చలిలో పిస్తోళ్లు పక్కన పెట్టుకుని పడుకున్న హన్నా కూడా ఆ కప్పు కిందే ఉంది. ఆ గంటలు విని ఉంటుంది కదా అని నాకో ఆశ.

అప్పటికే ఇద్దరికీ ఒంట్లో బాగాలేదు. జనవరి రెండో వారంలో హన్నా ఇంటికి రాసిన ఉత్తరంలో, తనూ మిస్ ఆల్కాటూ కలిసి చావు దగ్గరికి వెళ్లిన నలుగురు రోగుల కోసం పాటుపడ్డామని, ఒక్కణ్ణి తప్ప మిగతావాళ్లని దక్కించుకున్నామని, తామిద్దరూ న్యుమోనియాతో పడుకున్నామని ఉంది. తమ జబ్బు సంగతి చివర్లో చెప్పింది, రోగుల సంగతి అయ్యాక.

లూయిసాకి టైఫాయిడ్‌తో కూడిన న్యుమోనియా అన్నారు. పాదరసం కలిసిన కేలొమెల్ అనే మందు వాడారు. ఆ రోజుల్లో అన్నిటికీ అదే. తర్వాత బతికినంతకాలం ఆవిడని బాధపెట్టిన ఒంటినొప్పులకి ఆ మందే కారణమని ఆవిడ నమ్మింది. ఇంటికి టెలిగ్రాం వెళ్లింది. జనవరి 16న తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ వచ్చాడు. లూయిసా మొదట రానంది.

జనవరి 20న హన్నా చనిపోయింది. మర్నాడే తండ్రి లూయిసాని రైలెక్కించి ఇంటికి తీసుకెళ్లిపోయాడు. ఆరు వారాలు కూడా నిండలేదు ఆవిడ ఉద్యోగం. ఇంటికి చేరాక వారాల తరబడి ఒళ్లు తెలియని జ్వరం. గజంన్నర పొడవున్న ఆవిడ జుట్టు మొత్తం కత్తిరించేశారు. సినిమాలో జో జుట్టు ఎక్కడి నుంచి వచ్చిందో మా అమ్మాయికి చెప్పాను.

ఆ ఏడాదే లూయిసా ఇంటికి రాసిన ఉత్తరాల్ని 'హాస్పిటల్ స్కెచెస్' పేరుతో ముందు పత్రికలో, తర్వాత పుస్తకంగా వేశారు. ఆవిడకి రచయిత్రిగా పేరు రావడం దాంతోనే మొదలు. హన్నా ఉత్తరాలు, డైరీ మాత్రం కుటుంబం దగ్గరే ఉండిపోయి, 1980లో గానీ పుస్తకంగా రాలేదు. నూట పదిహేడేళ్ల తర్వాత. కూతురికి రాసినవి, కొడుక్కి రాసినవి ఎవరో పారేయకుండా దాచినందుకే మనకి ఆ సెల్లారు సంగతి తెలిసింది. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున మా అమ్మమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఓ కట్ట ఉంది. చెదలు పట్టిందేమో చూడాలి.

'లిటిల్ వుమెన్' 1868లో వచ్చింది. మా అమ్మాయి సెలవులు అయ్యేలోగా ఆ సినిమా ఇంకోసారి పెట్టింది. ఈసారి టెలిగ్రాం వచ్చే చోట నేనూ కళ్లు తుడుచుకున్నాను. 'ఏంటమ్మా, వాళ్ల నాన్న బతుకుతాడుగా' అంది. నిజమే. లూయిసా రాసిన కథలో వాషింగ్టన్ వెళ్లిన అమ్మ కూడా తిరిగి వస్తుంది.